నారు పైకి తెచ్చిన వసంతం

ఫిబ్రవరి 18

పొద్దున గనిలోంచి పైకి వెళ్లి రేకు పళ్లెం చూశాను. రాత్రి పోసిపెట్టిన నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. వేలితో గుచ్చితే పగల్లేదు, మడమతో తొక్కాల్సి వచ్చింది. నాటడానికి ఇంకా కాలం రాలేదు.

నారు గది చూసుకునేవాళ్లు ఇలా రాసిపెట్టాలన్నది మా దగ్గర పద్ధతి. ఎప్పుడు విత్తారో, ఎప్పుడు నాటారో తరవాతి వాళ్లకు తెలియాలి కదా. నాకంటే ముందు ఈ పని చేసినావిడ రోజుకు రెండు మూడు మాటలతో సరిపెట్టేది. నాకు అంత పొదుపు చేతకాదు.

నారు గది గని పై లెవల్లో ఉంది. ఎప్పుడో బొగ్గంతా తీసేయగా మిగిలిన సొరంగం. గోడల వెంట చెక్క అరలు, వాటి మీద తట్టలు, తట్టల్లో తైద నారు, అదే రాగి, ఇంకా టమాట, మిరప. ఒక మూల తడి ఇసుకలో పాతిన కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, తీగలు వేస్తున్నాయి. వీటికి సూర్యుడంటే నెత్తిన వేలాడే లైట్లే. మేమూ చలికాలమంతా గనిలోనే ఉంటాం. సగం ఇళ్లు ఈ లెవల్లో, సగం కింది లెవల్లో. పైన గాలి కోసేస్తున్నప్పుడు కూడా లోపల ఒక దుప్పటితో గడిచిపోతుంది.

మధ్యాహ్నం మా చెల్లెలు స్వరూప పాపను ఎత్తుకుని వచ్చి లైట్ల కింద కూర్చుంది. సంక్రాంతి వెళ్లాక పుట్టిన పిల్ల. ఇంకా పేరు పెట్టలేదు. "ఇక్కడైతే దీని మొఖం మంచిగ కనిపిస్తదక్కా" అంది. పాప టమాట ఆకుల వైపు చూస్తూ పాలు తాగింది.

ఫిబ్రవరి 24

రాజేశం పొద్దున్నే పని మీద నుంచి వచ్చాడు. నా భర్త. గని నీళ్లు తోడే పంపు, దానికీ లైట్లకీ కరెంటు ఇచ్చే బాయిలరు, రెండూ చూసుకునేది అతనే. బట్టలు నడుము దాకా తడిసి ఉన్నాయి. కాళ్లు తుడుచుకోకుండానే చెప్పాడు.

"నీ లైట్లల్ల సగం బంద్ చెయ్యాలె, వనజా."

"ఎందుకు?"

"కింద నీళ్లు ఎక్కుతున్నయ్. బొగ్గు కొట్టే జాగ మునిగింది. పంపు మోటరు ఆగకుంట నడిస్తెనే అది మళ్ల తేలుతది. అటు మోటరు, ఇటు నీ లైట్లు, బాయిలరుకు తట్టుకునే బలం లేదు."

"సగం తీస్తే నారు సాగిపోతది. ఇప్పటికే మెడలు వాలుస్తున్నయ్."

"బొగ్గు లేకపోతే మొత్తమే తియ్యాల్సి వస్తది."

బొగ్గు ఇక కొత్తగా రావడం లేదు. గని నోటి దగ్గర పోసి ఉన్న కుప్ప ఒక్కటే మిగిలింది. అది కరిగిపోయేలోగా నీళ్లు తోడేస్తే మళ్లీ తవ్వుకోవచ్చు. నిచ్చెన వేసుకుని నేనే లైట్లు విప్పాను. కింద అతను పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కటి అందుకుని గడ్డి బుట్టలో జాగ్రత్తగా పెట్టాడు.

మార్చి 1

శంకరవ్వ అందరినీ పిలిచింది. మా నలభై ఇళ్ల తిండి కొలిచి పెట్టేది ఆవిడే. ఆవిడ గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. ఈరోజు కూడా మామూలుగానే, తైదలు అడుగంటాయనీ, రేపటి నుంచి పెద్దవాళ్లకు ఒక్క పూటేననీ చెప్పింది.

అప్పుడు మొగిలి ఒక కొమ్మ పైకెత్తి చూపించాడు. మొగిలి స్వరూప భర్త. కట్టెల కోసం పైకి వెళ్లి తెచ్చాడట. నల్లటి మొగ్గల మధ్య రెండు మోదుగ పూలు, నిప్పు రంగులో. చేతులు మారుతూ అది నా దాకా వచ్చింది.

"మోదుగ పూసింది గద వదినె. ఇగ చలి పోయినట్టే" అన్నాడు మొగిలి.

"పోయినేడు కూడా పూసింది. పూసినంక గడ్డ కట్టింది."

"మరి ఎప్పుడు?"

"పళ్లెంల నీళ్లు నీళ్ల లెక్క ఉండాలె. వరుసగ కొన్ని పొద్దులు."

"నారు అప్పటిదాంక ఉంటదా?" వెనక నుంచి ఎవరో అడిగారు. నిజం చెప్పాలంటే అదే నన్నూ తినేస్తున్న ప్రశ్న. సగం వెలుతురులో టమాట మొక్కలు దారాల్లా సాగి, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. తైద నారు కొసలు పసుపెక్కాయి. మళ్లీ విత్తుదామంటే విత్తనం గుప్పెడు కూడా లేదు. ఉన్నదంతా తట్టల్లోనే ఉంది. ముందు నాటితే మంచు తింటుంది, ఆలస్యమైతే చీకటి తింటుంది.

శంకరవ్వ నా వైపు చూసింది. "తిండి నేను చూస్తున్న. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నాటుడు నీ చేతిల పని బిడ్డా. నువ్వన్న దినమే నాటుదాం. ముందుగాల ఎవ్వరు నిన్ను తొందర పెట్టద్దు, తర్వాత ఎవ్వరు నిన్ను ఒక మాట అనద్దు."

ఆవిడ నా మేలు కోరే అంది. కానీ ఆ మాటతో నిర్ణయమంతా నా ఒక్కదాని మీద పడింది.

మార్చి 5

నారును గాలికి అలవాటు చేస్తున్నాం. పొద్దెక్కాక తట్టలు పైకి, పొద్దు వాలకముందే కిందికి. ఇంక్లైన్ బాటలో, అంటే గని నోటి నుంచి లోపలికి దిగే వాలు దారిలో, వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటాం. సగం కడుపుతో ఉన్నవాళ్లకు అది చిన్న పని కాదు. మొదటి రోజు గాలి తగిలి ఆకుల అంచులు కాలినట్టు తెల్లబడ్డాయి. ఇప్పుడు కాడలు కొంచెం గట్టిపడుతున్నాయి.

పైన వెలుతురు బూడిద రంగులో ఉంటోంది. ఎండలు మరీ ముదిరాయని మా తాతల కాలంలో ఆకాశంలో పొడి చల్లారు. దాన్ని తెర అంటాం. చల్లినవాళ్లు పోయారు, తెర మిగిలింది. అది మందంగా పరుచుకున్న రోజుల్లో పగలు మసకగా ఉంటుంది కానీ రాత్రి అంత చలి వేయదు. పలచబడిన రోజున మాత్రం ఆకాశం నీలంగా, ఎంతో అందంగా ఉంటుంది. ఆ రాత్రే ప్రాణం తీస్తుంది.

రాజేశం పని దిగి వచ్చి కూడా నాలుగు తట్టలు మోశాడు. పడుకోమంటే వినలేదు. "గివి బరువేం కాదు" అన్నాడు. టమాట తట్ట ఎత్తి మొహం దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అతని ఒంటికి ఎప్పుడూ నూనె, బొగ్గు వాసనే. మొక్కల్ని అలా వాసన చూడటం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 8

పళ్లెంలో ఈ పొద్దున కూడా నీళ్లే. వరుసగా నాలుగో పొద్దు. మట్టిలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది కానీ వేళ్లు కొంకర్లు పోలేదు. ఇంకో వారం ఆగితే మంచిదని నా మనసు అంటూనే ఉంది.

కిందికి వచ్చేసరికి స్వరూప నారు గదిలో ఉంది. పాప ఏడుస్తోంది. ఏడుపు కూడా సన్నగా, ఆగి ఆగి వస్తోంది.

"పాలు వస్తలేవక్కా. నిన్నటి సంది" అంది స్వరూప. ఆమె ఏడవడం లేదు. ఏదో సామాను పోయినట్టు చెప్పింది. "తైద జావ ఏలితో నాకిస్తున్న. ఉంచుకుంట లేదు."

పాపను తీసుకుని భుజం మీద వేసుకున్నాను. ఉండాల్సినంత బరువు లేదు.

నేరుగా శంకరవ్వ దగ్గరికి వెళ్లి "రేపు నాటుదాం" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "నీ ఇష్టం" అంది. అంతే.

పళ్లెంలో నీళ్లు చూసి ఈ మాట అన్నానా, పాప ఏడుపు విని అన్నానా అంటే నాకే తెలియదు. రేపు నాటినా కడుపులోకి ఏదైనా రావడానికి ఇంకా వారాలు పడుతుందని నాకు తెలుసు. అయినా ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేకపోయాను. తరవాత ఈ గది చూసుకునేవాళ్లు ఇది కూడా చదవాలి.

మార్చి 10

నాటాం. నిన్నా ఇవాళా, నడవగలిగిన ప్రతి మనిషీ పైనే ఉన్నారు. ఎత్తు మీద టమాట, మిరప, మధ్యలో తైద, వాగు వైపు పల్లంలో కందగడ్డ తీగలు కొన్ని. మిగతా తీగలు తైద పక్కనే పెట్టాం. స్వరూప పాపను వీపున కట్టుకుని వంగి నాటింది. ఆగి కూర్చోమంటే, కూర్చుంటే మళ్లీ లేవలేనంది.

సాయంత్రానికి బూడిద రంగు నేల మీద పచ్చటి చుక్కలు వరుసలుగా కనిపించాయి. మొగిలి ఏదో కూనిరాగం తీశాడు. ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. శంకరవ్వ ఆ పూట అందరికీ ఒక గరిటె ఎక్కువ పోసింది. నారు గదిలోకి వచ్చి చూస్తే అరలన్నీ ఖాళీ. రాజేశం మిగిలిన లైట్లు కూడా విప్పి, కరెంటంతా పంపుకే ఇచ్చాడు. చీకట్లో తడుముకుంటూ బయటికి వచ్చాను.

మార్చి 13, మధ్యాహ్నం

ఆకాశం నీలంగా ఉంది.

పొద్దున ఇంక్లైన్ ఎక్కి బయటికి రాగానే వెలుగుకు కళ్లు మూసుకుపోయాయి. ఉత్తరపు గాలి తెరను చింపేసింది. మిగతావాళ్లు చొక్కాలు విప్పి ఎండలో నిలబడ్డారు. ఒక ముసలాయన నీడను తొక్కుతూ నవ్వుతున్నాడు. నేను మాత్రం రాత్రికి మొక్కల మీద ఏం కప్పాలా అని వెతకడం మొదలుపెట్టాను.

గోనెలు, టార్పాలిన్లు, పాత బట్టలు అన్నీ పోగేయించాను. పొలంలో నాలుగో వంతుకు కూడా చాలవు. మిగతాదానికి ఒక్కటే దారి ఉంది. గట్ల వెంట బొగ్గు కుప్పలు పోసి తెల్లారేదాకా కాల్చాలి. వేడి కొంత, పొగ కొంత మొక్కల మీద దుప్పటిలా నిలబడాలి.

రాజేశం బాయిలరు ముందు ఉన్నాడు. చెప్పాను. అతను పార కిందపెట్టకుండానే అన్నాడు.

"ఈ కుప్ప అంత నీకిస్తే బాయిలరు ఆరిపోతది. మోటరు ఆగుతది. ఆగిందంటే కింది లెవల్ పోయినట్టే. మనిల్లు కూడ."

"తెలుసు."

"బొగ్గు మళ్ల దొరకదు వనజా. వచ్చే చలికాలం ఏం కాలుస్తవు?"

"వచ్చే చలికాలం దాంక ఉండాలంటే ముందు తినాలె కద."

"ఇంకో వారం ఆగి నాటితే అయిపోతుండె" అన్నాడు. అనేసి తల దించుకున్నాడు. నన్ను ఎవరూ ఒక మాట అనకూడదని శంకరవ్వ చెప్పింది. అన్నది అతనొక్కడే. అనే హక్కు ఉన్నదీ అతనికే.

"అయిపోతుండె" అన్నాను.

శంకరవ్వ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ విని, కింది లెవల్ వాళ్లను సామాన్లు సర్దుకుని పైకి రమ్మని కబురు పెట్టింది. రాజేశం వెనక్కి వెళ్లి బాయిలరు తలుపు తెరిచాడు. కణకణలాడే నిప్పుల్ని పారతో తీసి ఇనుప తొట్టిలో పోశాడు. "అంటు పెట్టనీకె పనికొస్తయ్, తీస్కపో" అన్నాడు. పంపు చప్పుడు నెమ్మదించి, ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే బతికాను. అది లేకపోతే చెవులు ఇలా హోరెత్తుతాయని తెలియదు.

మార్చి 15

రాజేశం లేడు.

వరుసగా రాయాలి. మొదటి రాత్రి మంటలు నిలిచాయి. తెల్లారాక చూస్తే ఎత్తు మీదివీ మధ్యలోవీ బతికాయి. పల్లంలోకి చలి దిగి కూర్చుంది. అక్కడి కందగడ్డ తీగలు ఉడికించిన ఆకుల్లా నల్లబడి నేలకు అంటుకుపోయాయి. మిగిలినవాటిని తడిమి చూస్తుండగా రాజేశం వచ్చాడు. మొహమంతా పొగ మసి. వరుసల మధ్య జాగ్రత్తగా అడుగులేస్తూ నడిచాడు.

"బతికినయా?"

"శానవరకు."

"మంచిది" అన్నాడు. "నీళ్లింక మోటరు దాంక రాలే. నేను, మొగిలి పోయి విప్పి పైకి గుంజుతం. మోటరు ఉంటే ఎప్పటికన్న పనికొస్తది."

"కాసేపు పండుకొని పో."

"పండుకుంటే నీళ్లు పండుకోవు కద."

అతను నాతో అన్న చివరి మాట అది. నవ్వుతూనే అన్నాడు.

మొగిలి చెప్పిందాన్ని బట్టి, మోటరు విప్పేశారు. తాడు కట్టి మొగిలి పై నుంచి లాగుతున్నాడు, రాజేశం కింద నుంచి తోస్తున్నాడు. సొరంగం కప్పు తడికి నానిపోయి ఉంది. ముందు చిన్న పెళ్లలు పడ్డాయి. "తాడిడిసిపెట్టి ఉరుకు" అని రాజేశం అరిచాడట. మొగిలి వదిలేసి పరుగెత్తాడు. వెనక్కి తిరిగి చూసేసరికి బాట లేదు. రాళ్ల కింద నుంచి నీళ్లు వస్తున్నాయి.

మధ్యాహ్నం దాకా తవ్వారు. నీళ్లు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చాక శంకరవ్వే వెళ్లి వాళ్లను వెనక్కి పిలిచింది. ఆవిడ పిలవకపోతే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేను పిలవలేను కాబట్టి ఆవిడ పిలిచింది.

మొగిలి నా ముందు కూర్చుని, "వదినె, నేను తాడు ఇడిసిపెట్టిన" అన్నాడు. మళ్లీ మళ్లీ అదే అంటున్నాడు. పక్కన స్వరూప నా చెయ్యి పట్టుకోవాలో వద్దో తెలియక పాపను గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె కళ్లలో ఏడుపు ఉంది, తన మొగుడు వచ్చాడన్న ఊరట కూడా ఉంది. అది కనిపించకుండా ఉండాలని తల వంచుకుంది. నేను చూశాను. తప్పు పట్టలేదు.

"ఇడవమన్నది ఆయనే" అని మొగిలితో అన్నాను.

పొద్దు వాలేసరికి ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. కుప్పలో సగానికి తక్కువ బొగ్గు మిగిలింది. ఇక పంపు లేదు కాబట్టి దాన్ని దాచుకోవాల్సిన కారణం లేదు. నేను లేచి పార పట్టుకున్నాను. శంకరవ్వ వద్దంది. ఈ రాత్రికి మిగతావాళ్లు చూసుకుంటారు, నువ్వు ఉండు అంది. ఎక్కడ ఉండాలి? మా ఇల్లు కింది లెవల్లో ఉండేది. పొలానికే వెళ్లాను. అందరం కలిసి మళ్లీ మంటలు వేశాం. ఆ రాత్రి గురించి ఇంకేమీ రాయను.

మార్చి 19

తెర మళ్లీ కమ్మింది. మసక వెలుతురు, వెచ్చటి రాత్రులు. మొక్కలు తేరుకున్నాయి. తైద కొత్త పిలకలు వేస్తోంది. నేను వారం ఆగి ఉంటే ఈ వెచ్చటి రోజుల్లోనే నాటి ఉండేదాన్ని. అప్పుడు బొగ్గు కుప్ప అలాగే ఉండేది, పంపు నడుస్తూ ఉండేది. లేదా చీకట్లో నారు చచ్చిపోయి ఉండేది. రెండోదే నిజమని అందరూ నాకు చెబుతున్నారు. దయతో చెబుతున్నారని తెలుస్తోంది.

నీళ్లు కింది లెవల్ నింపి, పై లెవల్‌కు కొంచెం దిగువన నిలిచాయి. ఇంక్లైన్ బాటలో నాలుగు మలుపులు దిగితే నల్లగా, కదలకుండా కనిపిస్తాయి.

ఏప్రిల్ 7

వారం కింద కందగడ్డ ఆకు మొదటిసారి కోశాం. అప్పటిదాకా పాప పలచటి జావ చుక్కల మీదే నిలిచింది. తీగకు రెండేసి ఆకులు మాత్రమే, తీగ కుంగిపోకుండా. ఉడికించి పిండిన నీళ్లు స్వరూప తాగింది. ఆకు తింది. ఆకు కోసిన ప్రతిసారీ శంకరవ్వ బాలింతకే మొదట పెట్టించింది. నాలుగైదు రోజులకు పాలు కొద్దిగా దిగాయి. పాప ఏడుపు ఇప్పుడు పక్క గదుల దాకా వినిపిస్తోంది. ఎవరూ విసుక్కోవడం లేదు.

పాపకు రాజేశ్వరి అని పేరు పెట్టుకోనా అని స్వరూప అడిగింది. వద్దన్నాను. ఆ పేరుతో రోజూ పిలవడం నావల్ల కాదు. వేరే ఏదైనా పెట్టుకోమన్నాను.

మే 4

వాన లేదు. వాగు ఎండిపోయి నెల దాటింది. పైనున్న చేదబావిలో బురద తప్ప ఏమీ రావడం లేదు. తైద పొట్టకొచ్చింది. కాండంలో కంకి కడుతోంది, ఇప్పుడు తడి లేకపోతే గింజ పట్టదు. ఆకులు మధ్యాహ్నానికే చుట్టుకుపోతున్నాయి.

పొలం గట్టు మీద అందరూ నిలబడి ఉన్నారు. నీళ్లు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. నా ముందు ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. చివరికి మొగిలే అన్నాడు, నేల చూస్తూ.

"బొగ్గుబాయిల నీళ్లున్నయ్ వదినె."



రెండు బిందెలు తీసుకుని ఇంక్లైన్ దిగాను. వెనక అడుగుల చప్పుడు వినిపించింది కానీ, ఎవరూ నన్ను దాటి ముందుకు రాలేదు. నీళ్ల అంచున కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి, తేటగా ఉన్నాయి. లోపలికి ఎంత చూసినా చీకటే. కాసేపు అలాగే కూర్చున్నాను. అతనికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఏవీ చెప్పలేదు. తైద పొట్టకొచ్చిందని మాత్రం చెప్పాను.

మొదటి బిందె ముంచి వెనక ఉన్న మొగిలికి అందించాను. అతను స్వరూపకు అందించాడు. అక్కడి నుంచి చేతులు మారుతూ అది పైకి, పొలంలోకి వెళ్లిపోయింది. రెండోది ముంచాను.

చీకటి పడేదాకా తోడాం. రేపు పొద్దున మళ్లీ దిగాలి.